లెదర్ జాకెట్ పాఠాలు – 3: కుర్చీ తిప్పి కూర్చోండి

పోయిన పాఠంలో ఇంటిపని ఇచ్చాను. మీ దగ్గరున్న బెల్టో పర్సో తీసుకుని, కోసిన అంచు దగ్గర చూడమన్నాను. మెత్తటి పోగులు కనిపిస్తే తోలు. గుడ్డ మీద ప్లాస్టిక్ పొర కనిపిస్తే రెక్సిన్. ఇక తోలంటే ఏమిటో తెలిసింది కాబట్టి ఒంటి మీదికి వద్దాం. ఈసారి కావలసినవి టైలరు టేపు, నిలువుటద్దం, వీపు ఆనుకునే పలక ఉన్న కుర్చీ ఒకటి.

కుర్చీ ఎందుకంటే నా మొదటి జాకెట్ కథ చెప్పాలి. బెంగళూరు వచ్చిన తొలి డిసెంబరులో శివాజీనగర్ సందుల్లో ఒక షాపులో కొన్నాను. అద్దం ముందు నిలబడి చూసుకుంటే భలే ఉంది. "కరెక్ట్ సైజు భాయ్" అన్నాడు షాపతను, నేనూ నమ్మాను. ఆ ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి రూమ్మేట్లతో కలిసి మారతహళ్ళి నుంచి నందిహిల్స్‌కి బండి మీద బయల్దేరాం. హెబ్బాళ దాటేసరికి స్లీవులు పైకి పాకి, గ్లవ్స్‌కీ వాటికీ మధ్య మూడు వేళ్ల వెడల్పు చర్మం బయటపడింది. దేవనహళ్ళి దగ్గర టీకి ఆగితే గ్లాసు పట్టుకోవడానికి వేళ్లు వంగలేదు. కొండ 1,478 మీటర్ల ఎత్తు. పైన సూర్యోదయం ఎలా ఉందో నాకు గుర్తులేదు. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డం మాత్రం గుర్తుంది.

తప్పు షాపతనిది కాదు. నేను నిలబడి కొన్నాను, కూర్చుని వాడాను.

ముందు భుజాలు. జాకెట్ వేసుకుని చేతులు వదులుగా దించండి. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర దగ్గరే ఉండాలి. అరంగుళం అటూ ఇటూ అయితే ఫరవాలేదు, అంతకు మించి కిందికి జారితే ఆ జాకెట్ తిరిగి ఇచ్చేయండి. స్లీవు పొడుగు తగ్గించొచ్చు, నడుం దగ్గర లోపలికి కుట్టించొచ్చు. భుజం మార్చాలంటే మాత్రం జాకెట్‌ని సగం విప్పాలి. పైగా తోలులో పాత సూది రంధ్రాలు గుడ్డలోలా పూడిపోవు, అలాగే కనిపిస్తాయి.

తర్వాత చంక దగ్గర కోత. చాలామంది ఇక్కడ ఉల్టా ఆలోచిస్తారు. రెండు చేతులూ పైకెత్తండి. జాకెట్ అంచు రెండంగుళాలకు మించి పైకి లేచిందంటే చంక కోత బాగా కిందికి ఉందన్నమాట. చెయ్యి ఎత్తితే జాకెట్ మొత్తం చేతితో పాటే పోతుంది. "పట్టేస్తోంది, ఒక సైజు పెద్దది ఇవ్వండి" అని అడుగుతాం. పెద్ద సైజులో చంక కోత ఇంకా కిందికి పోతుంది, ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. చంకకి దగ్గరగా, కాస్త బిగుతుగా అనిపించే కోతే చేతిని స్వేచ్ఛగా తిరగనిస్తుంది. మొదటి రోజు కొంచెం ఒరుసుకుంటుంది, అది సర్దుకుంటుంది.

ఛాతీ కొలత లేబుల్ చూసి తీసుకోకండి. ఒక చోట 42 అంటే మీ ఛాతీ కొలత, ఇంకో చోట 42 అంటే జాకెట్ కొలత. జిప్ వేసి, జాకెట్‌ని బల్ల మీద పరిచి, ఒక చంక నుంచి ఇంకో చంక దాకా కొలిచి రెండింతలు చేయండి. మీ ఛాతీ 38 అంగుళాలైతే అది 41, 42 మధ్య రావాలి. బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాముల్లో 15, 16 డిగ్రీలే కాబట్టి లోపల టీషర్టో పల్చటి స్వెటరో చాలు. లడఖ్ కలలు కంటూ లోపల రెండు స్వెటర్లకు చోటుంచుకుంటే ఏడాదంతా గోనెసంచి వేసుకున్నట్టే ఉంటుంది.

ఇప్పుడు కుర్చీ. దాన్ని వెనక్కి తిప్పి, అటూ ఇటూ కాళ్లు వేసి, బండి మీద కూర్చున్నట్టు కూర్చోండి. జిప్ పూర్తిగా వేయండి. చేతులు ముందుకు చాపి కుర్చీ పలకను హ్యాండిల్‌లా పట్టుకోండి. ఇప్పుడు చూడండి: స్లీవు మణికట్టు ఎముకను కప్పుతోందా? వీపు మధ్యలో తోలు డోలులా బిగుసుకుందా? జిప్ పైకి తన్ని గడ్డానికి గుచ్చుకుంటోందా? నిలబడ్డప్పుడు స్లీవు బొటనవేలి మొదలు దాకా, కాస్త పొడుగ్గా కనిపిస్తేనే ఈ పరీక్షలో నెగ్గుతుంది. వాడే కొద్దీ మోచేతి దగ్గర ముడతలు పడి కొంత పొడుగు అక్కడే ఖర్చవుతుంది కూడా. వీపుకి రెండు పక్కలా మడత పెట్టి కుట్టిన జాకెట్లు కొన్ని ఉంటాయి. చేతులు చాపితే ఆ మడత విచ్చుకుంటుంది. బండి నడిపేవాళ్లకి నేను వాటినే చెప్తాను.

1928లో అమెరికాలో వచ్చిన షాట్ కంపెనీ పర్ఫెక్టో జాకెట్‌కి జిప్ ఏటవాలుగా ఉండడం స్టయిలు కోసమే కాదు. వంగి కూర్చున్నప్పుడు ఛాతీ మీద రెండు పొరలు పడి గాలి దూరదు.

ఒక మాట మధ్యలో. 0.8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫ్యాషన్ జాకెట్ చలిని ఆపుతుంది, రోడ్డుని ఆపదు. బండి మీద పడితే కాపాడాలంటే ఈఎన్ 17092 (బండి నడిపేవాళ్ల బట్టలకి యూరప్ పెట్టిన భద్రతా ప్రమాణం) లేబుల్ చూసి, భుజాలకీ మోచేతులకీ ప్యాడ్లున్న రైడింగ్ జాకెట్టే కొనండి.

ఇక మెత్తబరచడం. అసలు కొత్త తోలు ఎందుకు బిగుసుగా ఉంటుంది? పచ్చితోలు కుళ్లిపోకుండా పదును చేయడాన్ని ఊనడం (టానింగ్) అంటారు. తంగేడు చెక్క, కరక్కాయ వేసి ఊనిన తోలు గట్టిగా ఉంటుంది, చెప్పులకీ బెల్టులకీ బాగుంటుంది. జాకెట్లకి ఎక్కువగా క్రోమ్ లవణాలతో ఊనిన తోలు వాడతారు. (చెన్నైలో క్రోంపేటకి ఆ పేరు వచ్చింది ఒక క్రోమ్ తోలు కంపెనీ వల్లే.) ఊనాక పోగులు అతుక్కుపోకుండా లోపలికి నూనెలు పట్టిస్తారు. మనం చేయాల్సిందల్లా ఆ పోగులను ఒకదాని మీద ఒకటి జారేలా కదిలించడమే. అందుకు జాకెట్ వేసుకుని తిరగడం తప్ప దారి లేదు.

సాయంత్రం ఇంట్లో ఫ్యాన్ వేసుకుని గంటసేపు వేసుకోండి. లాప్‌టాప్ ముందు మోచేతులు వంచి పని చేసుకోండి. గొర్రె తోలైతే వారంలో, మందపాటి ఆవు తోలైతే నెలకో రెండు నెలలకో మీ మోచేతి గుర్తులు పడతాయి. జిప్ పట్టేస్తుంటే కొవ్వొత్తి ముక్కతో పళ్ల మీద రుద్దండి.

చేయకూడనివి మాత్రం నా అనుభవంతో చెప్తాను. వానలో తడిసిన నా జాకెట్‌ని ఊరికి తీసుకెళ్తే, అమ్మ దాన్ని డాబా మీద దండేనికి ఆరేసింది. సాయంత్రానికి అప్పడం. వేడికి తేమ గబగబా పోయి పోగులు అతుక్కుపోయాయి. కంగారులో నేను కొబ్బరి నూనె పట్టించాను. మెత్తబడింది, నిజమే. కానీ నల్లటి మరకలు, జిడ్డు. కొబ్బరి నూనె 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది. బెంగళూరు చలికాలంలో సీసాలో గడ్డకట్టే నూనె జాకెట్‌లో మాత్రం ఊరుకుంటుందా? తడిస్తే పొడి గుడ్డతో అద్ది, మందపాటి హ్యాంగర్‌కి వేసి, నీడలో ఒకటి రెండు రోజులు వదిలేయండి. లెదర్ కండిషనర్ (తోలు ఎండిపోకుండా రాసే క్రీము) ఏడాదికి ఒకటి రెండుసార్లు, వేలి చివర తీసుకున్నంత, ముందు కాలర్ లోపలి వైపు రాసి రంగు మారుతోందేమో చూసి.

వచ్చే పాఠం జూన్ నుంచి మన బీరువాల్లో పట్టే బూజు గురించి. ఈలోగా మీ ఛాతీ, భుజం ఎముక నుంచి బొటనవేలి మొదలు దాకా చెయ్యి పొడుగు కొలిచి ఒక కాగితం మీద రాసుకోండి. చెయ్యి పొడుగు రెండుసార్లు రాయాలి: దించినప్పుడు ఒకటి, కుర్చీ మీద చాపినప్పుడు ఒకటి.