పాపఘ్ని గట్టు మీద ముందు గడ్డి, ఆ తర్వాతే చెట్టు

కడప జిల్లాలో గండి ఆంజనేయస్వామి గుడి పక్కనుంచి పారే పాపఘ్ని గట్టును ఆనుకుని మా చేను ఉంది. శ్రావణ శనివారాల్లో ఇక్కడ అడుగు పెట్టే సందు ఉండదు. అంతమంది దండం పెట్టే ఏటి గట్టున ఇప్పుడు కనిపించేదంతా సర్కారు తుమ్మే. బాలింతల నీళ్లలో వేయడానికి మా జేజి ఇంటి వెనకే వావిలాకు కోసుకొచ్చేది. ఇప్పుడు దానికోసం వెతుక్కుంటూ పోవాలి. గట్టును మళ్లీ పాత చెట్లతో నింపాలనుకునేవాళ్లకు నాకు తెలిసింది చెబుతాను.

గట్టు చాలాచోట్ల పోరంబోకు. అందుకని ముందే తహశీల్దారు ఆఫీసులో, పంచాయతీలో అర్జీ ఇవ్వండి. పక్కనే ఇసుక తవ్వుతుంటే అక్కడ నాటొద్దు. అడుగు కోసుకుపోయే గట్టును ఏ వేరూ ఆపలేదు, ముందు తవ్వకం ఆగాలి.

తుమ్మను నేలమట్టంగా నరికితే మొదట్లోంచి గుబురుగా చిగురిస్తుంది. చుట్టూ తవ్వి, జానెడుకు పైగా లోతున వేరు తెంచి మోడును పెకలించాలి. అయితే గట్టంతా ఒకేసారి బోడి చేయొద్దు. నచ్చినా నచ్చకపోయినా ఇప్పుడు ఆ మట్టిని పట్టుకున్నది ఆ కంపే. అందుకే నాకు జేసీబీ పని ఇష్టం ఉండదు, పైమట్టి కూడా గీకేస్తుంది. పది పదిహేను అడుగుల పట్టీ తీసి, అక్కడ మన మొక్క వేరూనాకే పక్క పట్టీకి పోండి. కాయలు పండకముందే తీయాలి, లేకుంటే మేకలు తిని పెంటికలతో గింజలను ఊరంతా చల్లుతాయి. కొట్టిన ముళ్లకంపను కాల్చకండి, మొక్కలకు అదే కంచె.

మనకు పెద్ద వరదలు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లోనే వస్తాయి. 2021 నవంబరులో ఇదే ఏరు పొంగి కమలాపురం దగ్గర వంతెన కూలింది. కాబట్టి గడ్డి ఆలోపే నిలదొక్కుకోవాలి. తొలకరి పడగానే నీటి అంచున తుంగ, రెల్లు, వట్టివేరు దుబ్బులను పిలకలుగా విడదీసి జానెడు ఎడంతో నాటండి. వాలులో వావిలి పెట్టాలి. బొటనవేలంత లావు కొమ్మను మూరెడు ముక్కలుగా కోసి, సగానికి పైగా ఏటవాలుగా భూమిలోకి దించితే చాలు. మేకలు దాని జోలికి పెద్దగా రావు.

ఏరుమద్ది, కానుగ, నేరేడు, మేడి ఆ మరుసటేడే నాటండి. వేప, చింత గట్టు పైభాగంలో ఉండాలి. గింజలు ఈ ఏటి చెట్ల కిందే ఏరుకోండి. నేరేడు గింజ ఆరితే మొలవదు, పండు తిన్న వారంలోపే సంచిలో పెట్టేయాలి. మద్ది కాయ పెంకు గట్టిది. రెండు మూడు రోజులు నానబెట్టి నాటినా మొలకకు రెండు నెలలు పట్టొచ్చు, ఓపిక పట్టండి.

స్నానాల రేవు, గొర్లు నీళ్లకు దిగే దారి వదిలేయండి. కాపరులను ముందే కూర్చోబెట్టి ఆ దారి ఎక్కడుండాలో వాళ్లనే చెప్పమనండి. దారి మూసేస్తే కంచె నిలవదు.

మొదటి రెండు ఎండాకాలాలు చెట్లకు నీళ్లు తప్పవు. మొక్క పక్కన కుండ పాతి, దాని అడుగున పెట్టిన చిల్లులో గుడ్డ ఒత్తి దూర్చి నింపితే నీరు నెమ్మదిగా వేరుకు దిగుతుంది. పెద్ద వాన పడిన ప్రతిసారీ గట్టెంట ఒక చుట్టు తిరిగి, మొలిచిన తుమ్మ పిల్లలను మట్టి తడి ఆరకముందే వేరుతో సహా పీకేయండి.