సీసాలు మోసేవాళ్లకే మొదటి ఒప్పందం: రోడ్ రేసింగ్‌లో ప్రొఫెషనల్ కావడం ఎలా

సైకిల్ రోడ్ రేసింగ్‌ని వృత్తిగా చేసుకోవాలనుకునే పిల్లలు ముందుగా అడిగేది ఒకటే: "ఎన్ని రేసులు గెలిస్తే జట్టులోకి తీసుకుంటారు?" జట్టు మేనేజర్ల లెక్క వేరు. ఈ ఆటలో అన్నిటికంటే పెద్ద రేసు టూర్ ద ఫ్రాన్స్‌కి ఒక జట్టు 8 మందిని దింపుతుంది. రోజుకొకటి చొప్పున 21 అంచెలు, మూడు వారాలు. ఆ ఎనిమిది మందిలో గెలుపు కోసం వెళ్లేది ఒకరో ఇద్దరో. మిగతావాళ్లు ఆ ఒక్కరికి గాలి తగలకుండా ముందు తొక్కడానికి, నీళ్లు మోయడానికి, పంక్చరైతే సొంత చక్రం విప్పి ఇవ్వడానికి వెళ్తారు. కొత్తవాళ్లకి దొరికే ఖాళీలు ఈ పనిలోనే ఉంటాయి. కాబట్టి నేర్చుకోవాల్సింది కూడా ముందు ఈ పనే.

ఈ పని చేసేవాళ్లని ఫ్రెంచిలో దొమెస్తీక్ అంటారు, అంటే ఇంటి పనివాడు. 1911లో టూర్ నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్, మోరిస్ బ్రోకో అనే రేసర్‌ని అవమానించడానికి వాడిన మాట అది. ఇప్పుడు ఆ మాటలో చిన్నచూపు లేదు. 1934 టూర్‌లో ఇరవయ్యేళ్ల రెనే వియెట్టో పిరనీస్ కొండల్లో తన ముందు చక్రం విప్పి నాయకుడు ఆంటోనిన్ మాన్యకి ఇచ్చేశాడు. ఆ టూర్ మాన్య గెలిచాడు. ఫ్రాన్స్‌లో వియెట్టోని కూడా అంతే ప్రేమగా తలుచుకుంటారు.

మెట్లు ఎలా ఉంటాయి

ప్రపంచ సంస్థ యూసీఐ లెక్కలో 17, 18 ఏళ్లవాళ్లు జూనియర్లు, 19 నుంచి 22 దాకా అండర్-23. పురుషుల జట్లలో పైన 18 వరల్డ్ టూర్ జట్లు, వాటి కింద ప్రోటీమ్‌లు, ఆ కింద కాంటినెంటల్ జట్లు. పై రెండు స్థాయిల్లో కనీస జీతం నియమం ఉంది. కాంటినెంటల్ స్థాయికి యూసీఐ అలాంటిదేమీ పెట్టలేదు, కాబట్టి అక్కడ చేరేటప్పుడు సైకిలు, ప్రయాణం, వసతి ఎవరి ఖర్చో ముందే రాయించుకోవాలి. మహిళల వరల్డ్ టూర్ 2016లో మొదలైంది. మహిళల పై స్థాయి జట్లలో కనీస జీతం 2020 నుంచి అమల్లో ఉంది.

మన దగ్గర మొదటి మెట్టు రాష్ట్ర సైక్లింగ్ సంఘం ద్వారా లైసెన్సు, ఆ తర్వాత రాష్ట్ర జట్టు, సైక్లింగ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా నడిపే జాతీయ పోటీలు. జాతీయ స్థాయిలో రాణిస్తే రైల్వేల్లో, సైన్యంలో ఉద్యోగం దొరికే దారి ఉంది. చాలామంది అక్కడితో ఆగుతారు. అది గౌరవమైన జీవితమే. ఇక్కడ చెప్పేది మాత్రం యూరప్ దాకా వెళ్లదలిచినవాళ్ల కోసం.

కాళ్ల బలం ఎంత కావాలి

కాళ్ల బలాన్ని వాట్లలో కొలిచే పవర్ మీటర్ లేకుండా ఈ రోజుల్లో ఏ జట్టుతోనూ మాట్లాడలేరు. సైకిలు ఫ్రేము మీద పెట్టే డబ్బులో సగం తగ్గించుకుని అయినా మీటరు కొనండి. పరీక్ష ఇలా చేయండి: ఒళ్లు బాగా వేడెక్కాక, సిగ్నళ్లు లేని చోట లేదా ఒకే వాలున్న ఘాట్ రోడ్డు మీద 20 నిమిషాలు పూర్తి బలంతో తొక్కాలి. వచ్చిన సగటు వాట్లలో 95 శాతం తీసుకుని కిలోల బరువుతో భాగించాలి. 62 కిలోల మనిషి 20 నిమిషాలు 310 వాట్లు తొక్కితే 294 వాట్లు, అంటే కిలోకి 4.7. జాతీయ స్థాయి రేసుల్లో దీంతో నిలబడొచ్చు. వరల్డ్ టూర్ కొండవీరులు కిలోకి 6 దగ్గర ఉంటారు. చాలామంది చేసే పొరపాటు, మొదటి రెండు నిమిషాలు విపరీతంగా తొక్కి చివరి ఐదు నిమిషాలు జారిపోవడం. మొదటి ఐదు నిమిషాలు 'ఇది కాస్త తేలికే' అనిపించాలి.

ఈ అంకె కంటే జట్లు జాగ్రత్తగా చూసేది ఇంకోటి ఉంది: అలిసిపోయాక ఎంత మిగిలింది? నాలుగు గంటలు తొక్కి, మీటరు 2,500 కిలోజూళ్లు చూపించాక, 5 నిమిషాలు పూర్తి బలంతో తొక్కండి. తాజాగా ఉన్నప్పటి అంకెతో పోల్చండి. పది శాతం పైన పడిపోతే మీ లోటు గరిష్ఠ బలంలో లేదు, పునాదిలో ఉంది. వారంలో రెండు రోజులే గట్టి కసరత్తు, మిగతావన్నీ మాట్లాడుతూ తొక్కగలిగే వేగంలో మూడు నుంచి ఐదు గంటలు. రోజూ సగం గట్టిగా తొక్కేవాళ్లు మూడు నెలలు మెరుగుపడి ఆగిపోతారు, ఎందుకంటే తేలిక రోజు తేలికగా ఉండదు, గట్టి రోజుకి కాళ్లు మిగలవు.

గాలిచాటు

ముందు వెళ్లేవాడి వెనక చక్రానికి అర మీటరు దూరంలో ఉంటే నాలుగోవంతు నుంచి మూడోవంతు దాకా శ్రమ తగ్గుతుంది. గుంపు నడిమధ్యలో ఇంకా ఎక్కువ తగ్గుతుంది. అలాగని వెనకెక్కడో హాయిగా కూర్చుంటే కుదరదు. 150 మంది గుంపు మలుపు తిరిగేటప్పుడు మొదటివాడు గంటకి 35 కిలోమీటర్ల వేగంతో సాఫీగా తిరిగి మళ్లీ 45 అందుకుంటాడు. వందో మనిషి దగ్గరికి వచ్చేసరికి అందరూ బ్రేకు వేసి 20కి పడిపోతారు, అక్కణ్నుంచి నిలబడి పరుగు తీయాలి. వందో స్థానంలో ఉన్నవాడు ప్రతి మలుపుకీ చిన్న స్ప్రింట్ కొడుతున్నట్టే. అందుకే మొదటి ముప్ఫై మందిలో ఉండమని వెనకొచ్చే జట్టు కారులోంచి రేడియోలో అరుస్తూనే ఉంటారు.

నలుగురైదుగురు కలిసి, తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద వంతులవారీగా తొక్కడం సాధన చేయండి. మీ వంతు వచ్చినప్పుడు వేగం పెంచకూడదు. వాట్లు పెరుగుతాయి, వేగం అదే ఉండాలి. 30 సెకన్ల తర్వాత గాలి వచ్చే వైపుకి తప్పుకుని, కాలు కాస్త తేలిక చేసి వెనక్కి జారాలి. ముందున్న చక్రం వైపు చూడొద్దు, ఇద్దరు ముగ్గురు ముందున్న మనిషి నడుమూ భుజాలూ చూడండి. దగ్గరైపోతే బ్రేకు పట్టకుండా నడుము ఎత్తి గాలికి ఛాతీ ఇవ్వండి, వేగం దానంతటదే తగ్గుతుంది. మీ ముందు చక్రం ఎదుటివాడి వెనక చక్రాన్ని పక్కనుంచి తాకితే పడేది మీరే, అతను కాదు. భుజం భుజం తగిలినా తొణక్కుండా ఉండటం గడ్డి మైదానంలో పాత సైకిళ్ల మీద, నడక వేగంతో నేర్చుకోవాలి.

పక్కగాలి వస్తే లెక్క మారుతుంది. ఎడమనుంచి గాలి కొడితే మొదటివాడు రోడ్డు ఎడమ అంచున ఉంటాడు, మిగతావాళ్లు ఒకరి వెనక ఒకరు కుడికి ఏటవాలుగా నిలుస్తారు. రోడ్డు వెడల్పుకి పది పన్నెండు మందే పడతారు. ఆ తర్వాతివాళ్లు కుడి అంచున ఒంటి వరసలో చాటు లేకుండా గిలగిల్లాడతారు, ఒకరు తెగితే వెనకున్న అందరూ తెగిపోతారు. అలా మిగిలినప్పుడు ముందు గుంపు తోక పట్టుకుని వేలాడొద్దు. వెంటనే పక్కవాళ్లని పిలిచి రెండో ఏటవాలు వరస కట్టండి. రేసుకి ముందు రాత్రి మ్యాపులో ఏ మలుపు తర్వాత పక్కగాలి తగులుతుందో గుర్తు పెట్టుకుని, దానికి మూడు కిలోమీటర్ల ముందే పైకి జరగాలి. విశాఖ నుంచి భీమిలి బీచ్ రోడ్డు మీద సముద్రపు గాలికి దీని రుచి చూడొచ్చు. వాహనాలు తిరిగే రోడ్డు కాబట్టి ముగ్గురికి మించి అడ్డంగా వెళ్లకండి.

సీసాల పని

నీళ్ల సీసాల కోసం వెనకున్న జట్టు కారు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నదే ఇందులో సగం విద్య. కొండకి ముందు, పక్కగాలి రోడ్డు మీద, చివరి 20 కిలోమీటర్లలో వెళ్లొద్దు. ఆ చివరి భాగంలో సాధారణంగా కారునుంచి అందించడమే నిషేధం. గుంపు నెమ్మదించిన క్షణం చూసి వెనక్కి జారి చేయి ఎత్తండి. న్యాయనిర్ణేత రేడియోలో జట్టు పేరు చెబుతారు, మీ కారు వరసలోంచి ముందుకొస్తుంది. యూరప్‌లో కార్లు కుడివైపు వరసగా నడుస్తాయి, డ్రైవరు ఎడమవైపు ఉంటాడు, మీరు అతని కిటికీ పక్కకి రావాలి.

కుడిచేత్తో అందుకోవాలి, ఎడమచేయి హ్యాండిల్ మీద నడిమి భాగానికి (స్టెమ్) దగ్గరగా ఉండాలి. అంచుని పట్టుకుంటే ప్రతి అందుకోవడానికీ సైకిలు వంకర తిరుగుతుంది. ముందు మీ సైకిలు మీది ఖాళీలు నింపండి. తర్వాత వీపు మీది నడిమి జేబు, పక్క జేబులు, ఆ తర్వాత మెడ వెనకనుంచి జెర్సీ లోపలికి, అన్నిటికంటే చివర ఛాతీ దగ్గర. ఛాతీ ముందే నింపితే వంగలేరు. అరలీటరు సీసాలు ఎనిమిదంటే నాలుగు కిలోల పైన. ఆ బరువుతో సీటు మీంచి లేవకూడదు: జెర్సీ ఊగి సీసాలు జారతాయి, వెనకొచ్చేవాడి చక్రం కింద పడతాయి.

తిరిగి పైకి వచ్చేటప్పుడు కార్ల చాటున ఒక్కొక్కటీ దాటుకుంటూ రావాలి. సరిగ్గా వెనక కాకుండా బంపరు మూలకి ఉండండి, కారు ఆగితే పక్కకి తప్పుకోవడానికి దారి ఉంటుంది. కారులోని చేయీ మీ చేయీ ఒకే సీసాని పట్టుకుని కాసేపు లాగించుకోవడం అందరికీ తెలిసిన అలవాటే. ఒకటి రెండు సెకన్లు చూసీచూడనట్టు వదిలేస్తారు, మించితే జరిమానా. కారు పట్టుకుని లాగించుకుంటే ఎంత పెద్దవాడైనా ఇంటికే: 2015లో స్పెయిన్‌లో జరిగే మూడు వారాల రేసు వుయెల్తా నుంచి ఇటలీ రేసర్ విన్చెంజో నీబాలిని అలాగే పంపేశారు.

పంచేటప్పుడు నాయకుడికి మొదట. చక్కెర నీళ్లా, మామూలు నీళ్లా అన్నది మూత మీద టేపు గుర్తుతో తెలియాలి. ఖాళీ సీసాలు కేటాయించిన చోటే పడేయాలి, 2021నుంచి ఈ నియమం గట్టిగా అమలవుతోంది.

నాయకుడికి పంక్చరై కారు దూరంగా ఉంటే, డిస్క్ బ్రేకుల కాలంలో చక్రం కంటే సైకిలే ఇచ్చేయడం త్వరగా అవుతుంది. అందుకే ఒకే ఎత్తువాడైన సహచరుణ్ని నాయకుడి దగ్గర ఉంచుతారు. మీ సీటు ఎత్తు మిల్లీమీటర్లలో రాసి మెకానిక్‌కి ఇవ్వండి. మీకే వెనక చక్రం పంక్చరైతే ఆగకముందే చైనుని అన్నిటికంటే చిన్న పళ్లచక్రం మీదికి దింపి, కుడి అంచున ఆగండి. చక్రం బయట ఉన్నప్పుడు బ్రేకు నొక్కితే ప్యాడ్లు దగ్గరకొచ్చి కొత్త చక్రం దూరదు. కంగారులో అందరూ చేసే తప్పు ఇదే.

తిండి, మందులు

రేసులో గంటకి 60 నుంచి 90 గ్రాముల పిండిపదార్థం కావాలి, పెద్ద రేసర్లు 120 దాకా తీసుకుంటారు. పేగులకి అలవాటు లేకపోతే వాంతులే. గంటకి 40 గ్రాములతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచండి. లీటరు నీళ్లకి 80 గ్రాముల చక్కెర, పావు చెంచా ఉప్పు, ఒక నిమ్మకాయ చాలు. చక్కెరలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ సగం సగం ఉంటాయి, రెండూ వేరువేరు దారుల్లో రక్తంలోకి వెళ్తాయి కాబట్టి ఎక్కువ ఇముడుతుంది. యూరప్ జట్లలో మెత్తగా ఉడికిన అన్నంలో తీపి కలిపి ముక్కలు కోసి రేకులో చుట్టి ఇస్తారు. మన చక్కెర పొంగలిని నెయ్యి, పప్పు బాగా తగ్గించి ఆరబెట్టి కోస్తే అదే పని చేస్తుంది.

బరువు తగ్గించే పిచ్చి ఈ వృత్తిలో ఎంతోమంది ఎముకల్ని గుల్ల చేసింది. అమ్మాయిలకి నెలసరి ఆగిపోతే అది ఫిట్‌నెస్ గుర్తు కాదు, తిండి చాలడం లేదన్న హెచ్చరిక. వెంటనే డాక్టర్ని కలవాలి.

జలుబుకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే దగ్గు సిరప్‌లు కొన్నిటిలో టెర్బుటలిన్ అనే మందు ఉంటుంది. డోపింగ్ నియమాల్లో అది ఎల్లవేళలా నిషిద్ధం. సీసా వెనక చిన్న అక్షరాలు చదవకుండా చెంచాడు కూడా తాగొద్దు. డోపింగ్ పరీక్షల జాబితాలోకి వచ్చాక రోజూ ఒక గంట ఎక్కడుంటారో ముందే నమోదు చేయాలి, 12 నెలల్లో మూడుసార్లు తప్పితే మందు వాడకపోయినా నిషేధం పడుతుంది.

బెల్జియంలో 90 రోజులు

బెల్జియం ఊళ్లలో వేసవిలో దాదాపు రోజూ కెర్మెస్ అనే జాతర రేసులు జరుగుతాయి. ఐదు నుంచి పది కిలోమీటర్ల చుట్లు, మొత్తం వంద పైన, చుట్టుకి బోలెడు మలుపులు, మొదటి పావుగంటలోనే సగంమంది తెగిపోయే వేగం. గుంపులో తొక్కడం ఇంతకంటే త్వరగా నేర్పే చోటు లేదు. వెళ్లేముందు విదేశాల్లో పోటీ చేయడానికి మన ఫెడరేషన్ అనుమతి పత్రం తీసుకోండి. షెంజెన్ వీసా 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తుంది, కాబట్టి వారానికి మూడు రేసుల చొప్పున నెలన్నర, ఒక వారం విశ్రాంతి, మళ్లీ ఐదు వారాలు. మొదటి పది రేసుల్లో లక్ష్యం గుంపుతో ముగించడమే.

క్లబ్బులకి రాసేటప్పుడు ఒక పేజీ చాలు: పుట్టిన తేదీ, ఎత్తు, బరువు, యూసీఐ ఐడీ, 5, 20 నిమిషాల వాట్లు తాజాగానూ అలిసిపోయాకానూ, రేసుల్లో మీటరు నమోదు చేసిన ఫైళ్లు. ఎవరి కోసం ఏ పని చేశారో, ఆ రేసులో మీ నాయకుడు ఎన్నో స్థానంలో వచ్చాడో తప్పక రాయండి. పై రెండు స్థాయిల జట్లు ఆగస్టు 1 నుంచి ఏడాది చివరిదాకా కొద్దిమంది శిక్షణార్థుల్ని తీసుకోవచ్చు, మీ ఉత్తరం జూన్‌లోనే వెళ్లాలి. మొదటిసారి ప్రొఫెషనల్ అయ్యే కుర్రాళ్లకి ఆ జట్లు రెండేళ్ల ఒప్పందం ఇవ్వాలి. సంతకానికి ముందు గాయమైతే జీతం, వైద్యం ఎవరిది, బహుమతి డబ్బు ఎలా పంచుతారు అన్నవి చదవండి. టూర్ విజేతకి వచ్చే 5 లక్షల యూరోలు కూడా ఆనవాయితీగా సహచరులకీ సిబ్బందికీ పంచుతారు. ఆ వాటాల పట్టికలో సీసాలు మోసినవాడి పేరుందో లేదో అడిగి తెలుసుకోండి.