జవాను ఇంటి లోను: లెక్క రిటైర్‌మెంట్ తేదీ నుంచి మొదలుపెట్టండి

ఇంటి లోనుకు వెళ్లిన జవానును బ్యాంకు ముందుగా అడిగేది పే స్లిప్పే. ప్రభుత్వ జీతం, ప్రతి నెలా ఖాతాలో పడుతుంది, కాబట్టి లోను దొరకడం పెద్ద కష్టం కాదు. చిక్కంతా తీర్చేటప్పుడే. కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగి 60 ఏళ్ల దాకా జీతం మీద కిస్తీ కడతాడు. సిపాయి, నాయక్, హవల్దార్ చాలామంది నలభై ఏళ్లు అటూ ఇటూగా ఇంటికి వచ్చేస్తారు. 20 ఏళ్ల లోనులో చాలా భాగం పెన్షన్ మీదే నడుస్తుంది.

ఒక లెక్క చూడండి. 38 ఏళ్ల హవల్దార్‌కు ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. 25 లక్షల లోను, 8 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే కిస్తీ నెలకు 20,911 రూపాయలు. సర్వీసులో ఉండగా ఇది పెద్ద భారం అనిపించదు. రిటైరయ్యే నాటికి బేసిక్, మిలిటరీ సర్వీస్ పే కలిపి 46,000 ఉంటే పెన్షన్ అందులో సగం, 23,000. సైనికులు పెన్షన్‌లో సగం దాకా కమ్యూట్ చేసుకోవచ్చు, అంటే ఆ భాగాన్ని వదులుకుని బదులుగా ఒకేసారి మొత్తం తీసుకోవచ్చు, ఎక్కువమంది అలాగే చేస్తారు. అప్పుడు మిగిలేది 11,500. డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భృతి) మాత్రం పూర్తి 23,000 మీద వస్తుంది. డీఆర్ 55 శాతం అనుకుని 12,650 కలిపితే నెలకు చేతికొచ్చేది 24,150. కిస్తీ పోగా మిగిలేది మూడు వేల చిల్లర.

కమ్యూటేషన్ కింద ఒకేసారి వచ్చే సుమారు 12.5 లక్షలు లోనుకే కట్టేస్తే దారి దొరుకుతుంది. నాలుగేళ్లు కిస్తీలు కట్టాక అసలు 22.6 లక్షలు మిగిలి ఉంటుంది. అందులో 12.5 పోతే 10.1 లక్షలు. మిగిలిన 16 ఏళ్లకు కిస్తీ 9,350కి దిగుతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ముందస్తుగా కట్టినప్పుడు బ్యాంకులు మామూలుగా కిస్తీని అలాగే ఉంచి గడువు తగ్గిస్తాయి. మీకు కావలసింది కిస్తీ తగ్గడం. ఆ మాట రాతపూర్వకంగా ఇచ్చి, కొత్త రీపేమెంట్ షెడ్యూల్ చేతికి తీసుకోండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోనును ముందే తీర్చినందుకు వ్యక్తుల దగ్గర జరిమానా తీసుకోకూడదన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధన. ఆ డబ్బుతో కారో, అక్క కూతురి పెళ్లో అనుకుంటే పై లెక్క మొత్తం తారుమారవుతుంది.

కిస్తీ ఎంత భరించగలరో చూసుకునేటప్పుడు పీస్ పోస్టింగ్ (ఫీల్డ్ ఏరియా కాని మామూలు స్టేషన్) జీతాన్నే లెక్కలోకి తీసుకోండి. ఫీల్డ్ ఏరియా, హై ఆల్టిట్యూడ్ అలవెన్సులు పోస్టింగ్ మారిన నెలే ఆగిపోతాయి. ఫ్యామిలీ క్వార్టర్ తీసుకుంటే హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) కూడా ఉండదు.

ఎక్కడ తీసుకోవాలి? స్టేట్ బ్యాంక్‌లో సైనికులకు శౌర్య పేరుతో ప్రత్యేక ఇంటి లోను ఉంది, 75 ఏళ్ల వయసు దాకా తీర్చే వీలుంటుంది. డిఫెన్స్ శాలరీ ప్యాకేజీ ఖాతా ఉన్న ఏ బ్యాంకులోనైనా ప్రాసెసింగ్ ఫీజు మాఫీ అడగండి. ఆర్మీలో ఉన్నవాళ్లు ఏజీఐఎఫ్ (ఆర్మీ గ్రూప్ ఇన్సూరెన్స్ ఫండ్) ఇచ్చే ఇంటి అడ్వాన్సు వడ్డీని, గడువును యూనిట్‌లో కనుక్కుని బ్యాంకుతో పోల్చుకోవాలి. అగ్నివీరులకు నాలుగేళ్ల ఒప్పందం, పెన్షన్ లేదు. వాళ్లు 20 ఏళ్ల లోను జోలికి పోకపోవడమే మంచిది.

చేతి డబ్బు ఎంత కావాలో చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. 30 లక్షల లోపు లోను అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, ఆపైన 75 లక్షల దాకా 80 శాతం వరకే ఇవ్వవచ్చు. ఆ విలువలో స్టాంప్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా కలవవు. అది ఆంధ్రప్రదేశ్‌లోనైనా తెలంగాణలోనైనా సుమారు ఏడున్నర శాతం. 30 లక్షల ఫ్లాటుకు 25 లక్షల లోను వస్తే మీ చేతి నుంచి 5 లక్షలు, దాని పైన రెండుంబావు లక్షలు పడతాయి. పైగా అగ్రిమెంటు ధర, వాల్యుయర్ కట్టిన ధర, ఈ రెండింటిలో తక్కువదాన్నే బ్యాంకు లెక్కలోకి తీసుకుంటుంది.

లీవు వృథా అయ్యేది ఎక్కువగా కాగితాల దగ్గరే. ఊరికి రాకముందే లింకు డాక్యుమెంట్లు (ఆస్తి పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), లేఅవుట్ అప్రూవల్, ప్లాను జిరాక్సులు ఇంట్లోవాళ్ల చేత బ్యాంకుకు పంపించి లీగల్ ఒపీనియన్ మొదలుపెట్టించండి. పంచాయతీ లేఅవుట్‌లో ప్లాటు, 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉన్న సర్వే నంబరు అయితే ఫైలు అక్కడే ఆగుతుంది. మాజీ సైనికులకు ఇచ్చిన అసైన్డ్ భూములు కూడా కొన్ని ఆ జాబితాలో కనిపిస్తాయి. అమ్మేవాడు కూడా మిలిటరీయే కదా అని చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి. లోను రాకపోతే అడ్వాన్సు వాపసు ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులో రాయించండి.

గుర్తింపుగా యూనిట్ ఇచ్చిన సర్వీస్ సర్టిఫికెట్, పే స్లిప్పులు, ఫారం 16 ఇవ్వండి. మిలిటరీ ఐడీ కార్డును జిరాక్స్ తీయించకండి. సిబిల్ రిపోర్టు (మీ పాత అప్పుల చరిత్ర) ముందే తీసి చూసుకోండి. తోటి జవాను పర్సనల్ లోనుకు జామీను సంతకం పెట్టి ఉంటే అది కూడా మీ పేరు మీదే కనిపిస్తుంది. అతను కిస్తీ ఎగ్గొడితే దెబ్బ మీకు తగులుతుంది.

రిజిస్ట్రేషన్ రోజున కొనేవాళ్ల ఫొటో, వేలిముద్ర కూడా కావాలి. మీరు రాలేకపోతే భార్య పేరున స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉండాలి, అందులో ఆస్తి వివరాలు, లోను పత్రాల మీద సంతకం చేసే అధికారం స్పష్టంగా రాయాలి. నోటరీ దగ్గర చేయించినదాన్ని చాలాసార్లు తిప్పి పంపుతారు. లీవులో ఉండగానే సబ్ రిజిస్ట్రార్ ముందు ధృవీకరణ చేయించి, డ్రాఫ్టును బ్యాంకు లాయరుకు ముందే చూపించండి. ఆస్తి కొన్న సంగతి నిబంధనల ప్రకారం యూనిట్‌కు తెలియజేయాలి, హెడ్ క్లర్కును అడిగితే ఫారం ఇస్తారు.

శాంక్షన్ లెటర్‌తో పాటు లోను ఇన్సూరెన్స్ అంటగడితే అది తప్పనిసరి కాదని గుర్తుంచుకోండి. తీసుకుంటే యుద్ధం, ఆపరేషన్ల మరణానికి మినహాయింపు ఉందేమో పాలసీలో చదవండి.

మొత్తం తీరాక ఒరిజినల్ డాక్యుమెంట్లు 30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల పరిహారం వస్తుంది, 2023 డిసెంబర్ 1 నుంచి ఇదే నిబంధన. అవి చేతికి అందాక తనఖా రద్దు రిజిస్టర్ చేయించి, కొత్త ఈసీ తీసి అందులో ఎక్కిందో లేదో చూసుకోండి.