తొలకరి దుక్కికి ముందు వానపాముల విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలకరి జల్లులు పడిన నాటి నుంచి ఉభాలు (వరి నాట్లు) పూర్తయ్యే వరకు గడిచే కాలం రైతుకు ఎంత తీరిక లేనిదో, నేలలోని వానపాములకు అంత గండమైనది. దుక్కులు, గట్ల చెక్కుడు, చొప్ప తగలబెట్టడం, గెత్తం (పశువుల ఎరువు) తోలడం, గుళికల మందులు చల్లడం అన్నీ ఆ కొద్ది వారాల్లోనే జరుగుతాయి. వానపాములు పై పొరలోకి వచ్చి, జతకట్టి, గుడ్ల సంచులు పెట్టడం మొదలయ్యేదీ అప్పుడే. వాటిని డబ్బు పెట్టి కొని తెచ్చి పొలంలో వదలవలసిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. ఉన్నవాటిని ఈ కొన్ని వారాల పాటు చంపకుండా ఉండగలిగితే చాలునని నా గట్టి అభిప్రాయం.

వానపాముకు ఊపిరితిత్తులు లేవు, అది తడిగా ఉండే చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. అందుకే ఏప్రిల్, మే నెలల్లో మెట్ట ఎర్రనేలలు బిగుసుకుపోయినప్పుడు చాలా రకాలు లోపలి పొరల్లోకి దిగి, చిన్న గదిలాంటి ఖాళీ చేసుకుని, దానికి జిగురు పూసుకుని, ముడిలా చుట్టుకుని కదలకుండా ఉండిపోతాయి. పై తడి వాటిని చేరినప్పుడు మళ్లీ కదులుతాయి. వేసవిలో తవ్వి చూసి, వానపాము ఒక్కటీ కనిపించలేదు కాబట్టి ఈ నేలలో అవి లేవనుకోవడం సరికాదు. రెండు మూడు మంచి వానలు పడిన తరువాత, ఉదయం పూట, అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు మట్టిని పెళ్లగించి గోనెసంచిపై పోసి లెక్కపెట్టాలి. పది వరకు కనిపిస్తే నేల మంచి స్థితిలో ఉన్నట్లు భావించవచ్చు. ఒకటీ రెండూ మాత్రమే ఉంటే కింద చెప్పే జాగ్రత్తలు ఆ పొలానికి మరింత అవసరం.

మన ఎర్రనేలలకు పెద్ద వాన పడి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టే గుణం ఉంది. ఆ తరువాతి వాన లోపలికి ఇంకక, పై మట్టిని కోసుకుంటూ వాగుల్లోకి, అక్కడి నుంచి నాగావళిలోకో చంపావతిలోకో పోతుంది. వానపాముల బొరియలు ఆ నీటికి దారి ఇస్తాయి, వేళ్లకు గాలిని అందిస్తాయి. అవి విసర్జించే మట్టిలో మొక్క తీసుకోగల నత్రజని, భాస్వరం, పొటాష్ చుట్టుపక్కల మట్టిలో కంటే ఎక్కువగా ఉంటాయి.

మొదటి జాగ్రత్త నిప్పు విషయంలో. వరి తరువాత మొక్కజొన్న వేసిన పొలాల్లో చొప్పను తగలబెట్టి దుక్కికి సిద్ధం చేయడం చాలా చోట్ల అలవాటయింది. ఆ మంట లోతున ఉన్న వానపామును నేరుగా తాకకపోవచ్చు గాని, పై పొరలోని గుడ్ల సంచులను, ఆకుల కింద బతికే రకాలను కాల్చివేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, వానలకు పైకి వచ్చిన వాటికి తినడానికి ఏమీ మిగలదు. చొప్పను ముక్కలు చేసి నేలపైనే వదలాలి, వీలుకాకపోతే గట్టు పక్కన కుప్ప వేసి పేడనీళ్లు చల్లి కుళ్లనివ్వాలి.

దుక్కి విషయంలో ఎన్నిసార్లు, ఎప్పుడు, దేనితో అన్న మూడూ ముఖ్యమే. నేల పొడిగా ఉన్నప్పుడు వాలుకు అడ్డంగా ఒకసారి నాగలితో దున్నడం వల్ల కలిగే హాని తక్కువ. తొలకరి పడి వానపాములు పైకి వచ్చిన తరువాత రోటావేటరుతో పదేపదే తిప్పడం వల్లనే అవి ఎక్కువగా చస్తాయి. తెగిన వానపాము రెండు వానపాములవుతుందని చాలామంది నమ్ముతారు, అది నిజం కాదు. తల వైపు ముక్క తగినంత పొడవుంటే బతికి తోకను తిరిగి పెంచుకోవచ్చు, తోక ముక్క మాత్రం చచ్చిపోతుంది. ట్రాక్టరు వెనుక కొంగలు, గోరింకలు గుంపులుగా వాలుతుంటే, పై పొరలో ప్రాణులు నిండుగా ఉన్నాయని గ్రహించి, అదనపు దుక్కి మానుకోవడం మంచిది.

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ గుళికల మందుల విషయంలో ఉండాలి. కార్బోఫ్యూరాన్, ఫోరేట్ రెండూ వానపాములకు తీవ్రమైన విషాలు. ఫోరేట్‌ను కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించింది. ఇంట్లో పాత సంచి మిగిలి ఉంటే, డబ్బు పోసి కొన్నామన్న బాధతో దానిని మడిలో చల్లకూడదు, చెరువులోనో కాలువలోనో పారబోయకూడదు. తాళం వేసిన చోట ఉంచి వ్యవసాయాధికారికి తెలియజేయాలి. ఆకుమడిలో పురుగు కనిపించకముందే అలవాటుగా గుళికలు వేయడం, గట్టులో బొరియలు పడి నీరు కారుతోందని గట్టు వెంబడి గుళికలు పోయడం వెంటనే మానుకోవలసిన పనులు. దమ్ము చేసి నీరు నిలిపిన మడిలో చాలా రకాల వానపాములు నిలవలేవు, అవి గట్లలోకి చేరి బతుకుతాయి. నీరు తీసిన తరువాత మినుము, పెసర కాలానికి మడిలోకి తిరిగి వచ్చేవి చాలావరకు అక్కడివే కాబట్టి, గట్టుకు మందు వేస్తే మడికి వానపాముల విత్తనమే లేకుండా చేసినట్లే. కారే గట్టును తొక్కి, బురదతో మెత్తి సరిచేయడం శ్రమే గాని అదే సరైన పద్ధతి. శిలీంద్రనాశకాల్లో కార్బెండజిమ్ కూడా వానపాములకు హానికరం. విత్తనశుద్ధికి వాడే కొద్దిపాటి మోతాదు వేరు, నేలంతా తడిసేలా పోయడం వేరు.

గెత్తం పూర్తిగా చివికినదే తోలాలి. పచ్చి పేడ, ముఖ్యంగా కోళ్ల ఎరువు, కుళ్లే దశలో వేడిని, అమ్మోనియాను వదులుతుంది. యూరియాను ఒకేసారి కుమ్మరించకుండా విడతలుగా వేయాలి. తొలకరికి జీలుగ, జనుము, పిల్లిపెసర చల్లి పూత దశలో కలియదున్నే రైతులు వానపాములకు మేత కూడా పెడుతున్నట్లే.

శ్రీకాకుళం తీరంలోని ఉద్దానం ప్రాంతపు ఇసుక నేలల్లో తడి, నీడ, ఆకుల పొర ఉన్న చోటే వానపాములు నిలుస్తాయి. జీడితోటల్లో పిక్కలు ఏరడానికి వీలుగా రాలిన ఆకులను ఊడ్చి కాల్చేస్తుంటారు. ఆ ఆకులను చెట్టు పాదు చుట్టూ, మొదలుకు తగలకుండా, పరిచి ఉంచితే తొలి వానల తడి అక్కడే ఆగుతుంది. కొబ్బరి పాదుల్లో డొక్కలను, మట్టలను కూడా ఇలాగే వాడుకోవచ్చు.

వర్మీకంపోస్టు తొట్లు ఉన్నవారు ఒక సంగతి గమనించాలి. తొట్లలో పెంచే యూడ్రిలస్, ఐసీనియా రకాలు కుళ్లే పదార్థంలో బతికేవి గాని ఉత్త మట్టిలో నిలిచేవి కావు. వాటిని పొలంలో వదిలితే ప్రయోజనం ఉండదు, ఎరువు మాత్రమే పొలానికి తోలాలి. వానాకాలానికి ముందే తొట్టి అడుగున నీరు పోయే దారి చూసుకోవాలి, ఎర్రచీమలు ఎక్కకుండా చుట్టూ సన్నని నీటి కాలువ కట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మన తీరాన్ని తాకినవే కాబట్టి, సెప్టెంబరు చివరికల్లా పందిరి గుంజలను బిగించి, తుఫాను హెచ్చరిక రాగానే కొన్ని వానపాములను కొంత ఎరువుతో సహా బుట్టలో తీసి ఇంటి అరుగు మీద ఉంచుకోవాలి. తీరం పక్క పొలంలోకి ఉప్పునీరు ఎక్కితే, దానిని బయటికి తీసి, మంచినీటితోనో వాననీటితోనో ఒకటి రెండుసార్లు నిలిపి వదిలిన తరువాతే గెత్తం వేయాలి.