దుఃఖాన్ని చదవడం – మూడో పాఠం: మంచం చుట్టూ ఉన్నవాళ్లు

గత పాఠంలో కథ ఎవరి గొంతుతో నడుస్తోందో గుర్తించడం సాధన చేశాం. మరణాన్ని కళ్లారా చూసినవాళ్లు చెబుతున్నారా, విన్నవాళ్లు చెబుతున్నారా, పోబోయే మనిషే చెబుతున్నాడా అని అడుగుతూ మీరు ఎంచుకున్న కథను మళ్లీ చదివి ఉంటారు. ఆ కథను దగ్గరే ఉంచుకోండి. ఈసారి చూపును మంచం మీది మనిషి నుంచి పక్కకు తిప్పుదాం. గదిలో ఇంకా ఎవరున్నారు? ఏం చేస్తున్నారు?

బాధ ఒకరిదైతే చుట్టుపక్కలవాళ్లను చదవడమెందుకని అడగవచ్చు. తన చావును తాను అనుభవించి వచ్చి రాసిన రచయిత ఎవరూ లేరు. ఆ భాగమంతా ఊహే. పోతున్న మనిషి పక్కన కూర్చోవడం, ఏం మాట్లాడాలో తెలియక నిలబడిపోవడం, లేచి వెళ్లిపోవడం మాత్రం రచయితలు చూసినవే, చాలామంది స్వయంగా చేసినవే. ఒక సమాజం బాధను ఎలా చూసుకుంటుందో, ఎలా తప్పించుకుంటుందో తెలిసేది అక్కడే. నా మటుకు నేను రచయిత శక్తిని ఆఖరి శ్వాస వర్ణనలో వెతకను. మంచం పక్కనున్న మనిషి చేతులు ఏం చేస్తున్నాయో చెప్పే వాక్యంలో వెతుకుతాను.

సాధన ఇలా మొదలుపెట్టండి. కాగితం మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు పాత్ర పేరు, కుడివైపు ఆ పాత్ర చేసిన పని రాయండి. పని అంటే కంటికి కనిపించేది: లేచాడు, కిటికీ మూసింది, గడియారం చూశాడు. మాట కూడా పనే కనుక అడిగాడు, మాట మార్చాడు, అబద్ధం చెప్పింది వంటివీ రాయవచ్చు. ‘దుఃఖించాడు’, ‘కుమిలిపోయింది’ మాత్రం ఈ పట్టికలోకి రాకూడదు. అవి మనసు లోపలి సంగతులు. బయటి పనులన్నీ పోగుపడ్డాక లోపలేముందో మీరే తేల్చుకోవాలి.

టాల్‌స్టాయ్ 1886లో ప్రచురించిన ‘ఇవాన్ ఇల్యిచ్ మరణం’ మీద దీన్ని ప్రయోగించి చూద్దాం. న్యాయాధికారి అయిన కథానాయకుడు నలభై అయిదేళ్లకే చనిపోతాడు. ఆ కబురు మొదటి అధ్యాయంలోనే వచ్చేస్తుంది కాబట్టి ఏం జరుగుతుందోనన్న ఉత్కంఠకు చోటు లేదు. పాఠకుడు మనుషులనే చూడాలి. పట్టిక నింపుతూ వెళ్లండి. సహోద్యోగులు ఖాళీ అయిన పదవి ఎవరికి దక్కుతుందో లెక్క వేసుకున్నారు. పరామర్శకు వచ్చిన ఒకాయన ఆ సాయంత్రం పేకాట సంగతి మిత్రుడికి సైగతో గుర్తు చేశాడు. భార్య ప్రభుత్వం నుంచి ఇంకాస్త డబ్బు రాబట్టే దారి ఉందా అని అడిగింది. తర్వాత కథ వెనక్కి వెళ్లి జబ్బు రోజులు చూపిస్తుంది. అక్కడ వైద్యులు, ఇంటివాళ్లు అందరూ ఒకే పని చేస్తుంటారు: ఆయన చనిపోవడం లేదని, కాస్త సుస్తీ చేసిందని నటిస్తారు. శరీర బాధకంటే ఆ అబద్ధమే ఆయనను ఎక్కువగా హింసించిందని టాల్‌స్టాయ్ రాశాడు.

ఇక గెరాసిమ్ అనే పనివాడి ఎదురుగా ఏం రాస్తారో చూడండి. మలమూత్రాలు శుభ్రం చేశాడు. యజమాని కాళ్లను తన భుజాల మీద ఎత్తి పట్టుకుని గంటల తరబడి కూర్చున్నాడు. అందరమూ పోవలసినవాళ్లమే, ఈ కాస్త శ్రమ పడటానికేమని పైకే అన్నాడు. గదిలో అబద్ధం ఆడని మనిషి అతనొక్కడే. రోగికి కాస్త ఊరట దొరికేదీ అతని దగ్గరే. చదువు, హోదా, మర్యాద ఉన్నవాళ్ల పేర్ల పక్కన తప్పించుకునే పనులు, రైతు బిడ్డ పేరు పక్కన మోసే పనులు. రచయిత తన సమాజం మీద చేసిన విమర్శ ఏ ఉపన్యాసమూ లేకుండా కుడివైపు నిలువు వరుసలో దొరుకుతుంది. ఇక్కడ ఆగి, మీ కథలో మోసే పనులు ఎవరి పేరు పక్కన చేరాయో చూసుకోండి.

అదే 1886లో వచ్చిన చెహోవ్ చిన్న కథ ‘దుఃఖం’లో మంచం ఉండదు. కొడుకు చనిపోయిన అయోనా అనే ముసలి బండివాడు మంచులో బండి తోలుతూ ఆ మాట చెప్పుకోవాలని చూస్తాడు. సైనికాధికారికి చెబుతాడు. తాగిన ముగ్గురు కుర్రాళ్లకు చెబుతాడు. రాత్రి నీళ్లకోసం లేచిన తోటి బండివాడికీ చెప్పబోతాడు, అతను దుప్పటి కప్పుకుని నిద్రపోతాడు. చివరికి తన గుర్రానికి చెప్పుకుంటాడు. ఈ కథకు పట్టిక వేస్తే కుడివైపు పనులన్నీ దాదాపు ఒకటే: మాట తుంచేశారు. దుర్మార్గులు ఎవరూ లేరు, అందరూ తొందరలో ఉన్నారు. ఒక్కొక్కరి తప్పు చాలా చిన్నది. అన్నీ కలిసి ఒక తండ్రిని మనుషుల మధ్యే ఒంటరిని చేశాయి.

సాహిత్యం పట్టుకున్న ఈ సంగతి వైద్యంలోకి చేరడానికి చాలా కాలం పట్టింది. నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి తర్వాత డాక్టరైన సిసిలీ సాండర్స్, చివరి దశలోని రోగుల సంరక్షణ కోసం 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ప్రారంభించారు. రోగి నొప్పి శరీరానికే పరిమితం కాదని, అందులో మనసుది, కుటుంబ సామాజిక సంబంధాలది, బతుకు అర్థానికి సంబంధించినది కలగలిసి ఉంటాయని, దాన్ని సంపూర్ణ వేదనగా చూడాలని ఆమె చెప్పారు. ఈ నాలుగింటితో ఇవాన్ ఇల్యిచ్ దగ్గరకు మళ్లీ వెళ్లండి. కడుపులో పోటు, భయం, ఇంటివాళ్ల నటన, తాను బతికిన తీరే తప్పేమోనన్న అనుమానం: నాలుగూ ఎనభై ఏళ్ల ముందే అక్కడున్నాయి.

ఒక మరణానికి పనికొచ్చిన పద్ధతి వేల మరణాలకు పనికొస్తుందా? భారతంలో పదకొండవదైన స్త్రీపర్వం తీసుకోండి. తెలుగులో తిక్కన రాసిన భాగంలోనే ఉంది. అంతకుముందు యుద్ధపర్వాల నిండా కొట్టడం, పడగొట్టడం, గెలవడం. ఇక్కడికి వచ్చేసరికి పనులు చేసేవాళ్లే మారిపోతారు. దివ్యదృష్టితో గాంధారి యుద్ధభూమిని చూసి కృష్ణుడికి చూపిస్తుంది. ఉత్తర అభిమన్యుడి దేహాన్ని నిమురుతుంది. దుస్సల భర్త తల కనిపించక వెతుకుతూ పరుగెత్తుతుంది. శత్రుపక్షం, మనపక్షం అన్న గీత గాంధారి చూపులో చెరిగిపోతుంది. యుద్ధాన్ని అంచనా వేయడానికి యుద్ధపర్వాలు ఎంత అవసరమో ఈ పర్వమూ అంతే అవసరమని నేను గట్టిగా నమ్ముతాను. దీన్ని వదిలేసి భారతం చదివామనుకునేవాళ్లు విజేతల లెక్క మాత్రమే చదివినట్టు.

ఈ వారం అభ్యాసం రెండు భాగాలు. మొదటిది, మీ కథకు పట్టిక పూర్తి చేసి, అందులో ఒక్క పని కూడా దక్కని పాత్ర ఎవరైనా ఉన్నారేమో చూడండి. తరచూ పిల్లలు, పనివాళ్లు, వృద్ధులు గదిలో ఉండి కూడా ఏమీ చేయకుండా మిగిలిపోతారు. అలాంటివారు కనిపిస్తే, వాళ్లు ఆ సమయంలో ఏం చేస్తూ ఉండవచ్చో నాలుగు వాక్యాల్లో రాయండి. ‘బాధ’ అన్న మాటగానీ దాని పర్యాయపదాలుగానీ రాకూడదు.

రెండోది కాస్త కష్టం. ప్రమాదంలో పలువురు మరణించిన వార్త ఒకటి తీసుకుని అదే పట్టిక వేయండి. ఎవరికి పేరుంది, ఎవరు సంఖ్యలో కలిసిపోయారు? సంతాపం తెలిపినవారి పేర్లు ఎన్ని, శవాల దగ్గర కూర్చున్నవారి పేర్లు ఎన్ని? ఎదురుగా రాయడానికి ఏ పనీ దొరకని పేర్లను ఖాళీగానే వదిలేయండి, ఊహించి నింపవద్దు. కథలో ఊహించే హక్కు మనకుంది, నిజంగా పోయిన మనుషుల విషయంలో లేదు.

నాలుగో పాఠంలో విలాపాన్ని చదువుతాం. ఏడుస్తూ మాట్లాడే మనిషి చనిపోయినవారిని ‘నువ్వు’ అని ఎప్పుడు పిలుస్తుంది, ఎప్పుడు మానేస్తుంది అన్నదే అందులో ముఖ్యం. దానికి సిద్ధంగా స్త్రీపర్వంలో గాంధారి మాటలు ఒకసారి పైకి చదువుకుని రండి.