కొట్టుకునే సిక్లిడ్ చేపలను ఒకే ట్యాంకులో ఎలా పెంచాలి?

ఎంబూనా సిక్లిడ్‌లు ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల సందుల్లో బతికే చేపలు. మగది ఒక సందు పట్టుకుందంటే, తన రంగు, తన ఆకారం ఉన్న మరో చేపను దగ్గరికి రానివ్వదు. రెండు మూడే ఉంటే దెబ్బలన్నీ ఒక్కదానికే తగిలి అది చస్తుంది. పదిహేను ఉంటే ఎవరిని తరమాలో తేలక కోపం పలచబడుతుంది. అందుకే వీటిని కాస్త కిక్కిరిసేలానే పెంచాలి.

మహారాష్ట్రలోని బల్లార్షా, చంద్రపూర్, సిరొంచ వైపు మీ బోరు నీళ్లు కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతోందా? మంచిదే. వీటికి అలాంటి గట్టి నీళ్లే కావాలి, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 7.8 నుంచి 8.5 దాకా. ఆర్వో నీళ్లు పోయకండి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే మందు కలపండి.

1. ట్యాంకు 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉండాలి. నీళ్లు సుమారు 250 లీటర్లు పడతాయి. రాళ్లతో కలిపి బరువు 300 కిలోలు దాటుతుంది కాబట్టి ఇనుప స్టాండే నయం.

2. ముందు రాళ్లు, తర్వాతే ఇసుక. ఈ చేపలు ఇసుక తోడేస్తాయి. ఇసుక మీద పేర్చిన రాయి జారితే అద్దం పగులుతుంది. రాళ్లను అడుగు అద్దం మీదే, పలచటి ఫోమ్ షీటు వేసి నిలపండి. చేపల కంటే ఎక్కువ సందులు ఉండేలా, పైదాకా పేర్చండి.

3. గంటకు 2,000 లీటర్లు తిప్పే ఫిల్టర్ పెట్టి, చేపల మలినాల విషాన్ని తినేసే బ్యాక్టీరియా పెరిగేలా, చేపలు లేకుండానే అమ్మోనియా వేసి నెల రోజులు నడపండి. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాకే చేపలు.

4. ఎల్లో ల్యాబ్, రస్టీ, ఆరెంజ్ జీబ్రా అనే ఎంబూనా రకాల పిల్లలను ఆరేసి చొప్పున ఒకేసారి వదలండి. విడతలుగా తెస్తే ముందొచ్చినవి జాగా కబ్జా చేస్తాయి. పెద్దయ్యాక ఒక మగదానికి మూడు ఆడవి మిగిలేలా అదనపు మగవాటిని తీసేయండి. అరాటస్ అనే ఎంబూనా జోలికి మాత్రం పోవద్దు, అది ఎవరినీ బతకనివ్వదు.

మేత స్పైరులినా (ఒక రకం నాచు) ఉన్న రకం, రోజుకు రెండు చిటికెలు. మాంసం మేత ఎక్కువైతే పొట్ట ఉబ్బి చస్తాయి.

ఒక చేప రెక్కలు చిరిగి, పై మూలన ఫిల్టర్ వెనక నక్కి ఉందా? దాన్ని వేరే తొట్టిలో పెట్టి కోలుకోనివ్వండి. కొట్టే చేపను వలపెట్టెలో నాలుగు రోజులు ఉంచి, ఈలోగా రాళ్ల అమరిక మార్చేయండి. బయటికొచ్చేసరికి దాని పాత ఇల్లు ఉండదు, మళ్లీ మొదటి నుంచి వెతుక్కోవాలి.

మే నెలలో చంద్రపూర్ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నీళ్లు 30 దాటకుండా ఉపరితలం మీదికి ఫ్యాను తిప్పండి. పొడి గాలి కాబట్టి రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, కరెంటు పోయినా నడిచే బ్యాటరీ ఎయిర్ పంపు తప్పనిసరి. ఆవిరైనంత పోసి ఊరుకుంటే ఉప్పులు పేరుకుంటాయి. వారానికోసారి మూడో వంతు నీళ్లు తోడి కొత్తవి పోయాల్సిందే.