విండోస్ 10 నుంచి లైనక్స్ మింట్‌కి మారాక వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంటెల్ ఏడో తరం, అంతకంటే పాత ప్రాసెసర్లున్న ల్యాప్‌టాప్‌లు దాదాపు ఏవీ విండోస్ 11 అర్హతలకు అందవు. రాజాం, ఎచ్చెర్ల, విజయనగరం హాస్టల్ గదుల్లో, శ్రీకాకుళం నెట్ సెంటర్లలో అలాంటివి ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. వాటిని దయచేసి పాత సామాన్లోళ్లకి ఇచ్చేయకండి. విండోస్ బదులు లైనక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేస్తే రోజువారీ పనులు హాయిగా జరుగుతాయి, చాలా ఆటలు నడుస్తాయి. మొదటి వారంలో ఏదో ఒకటి మొరాయిస్తుంది, అంతే. చాలామంది అక్కడే టెన్షన్ పడి మళ్లీ విండోస్ వేయించేసుకుంటారు. తీరా చూస్తే అడ్డం పడింది ఒక డ్రైవరో (వైఫై, గ్రాఫిక్స్ లాంటి భాగాల్ని నడిపే ప్రోగ్రామ్), డిస్క్ ఫార్మాటో అయి ఉంటుంది.

సమస్య: వైఫై అసలు కనబడదు

కొన్ని బ్రాడ్‌కామ్ చిప్‌లకు డ్రైవర్ విడిగా వేసుకోవాలి. డ్రైవర్ దించుకోవడానికేమో నెట్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, నెట్ వెంటనే వస్తుంది. మింట్ మెనూలో డ్రైవర్ మేనేజర్ తెరిచి అది చూపించిన డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేస్తే సరి.

సమస్య: ఆట తెరుచుకుంటుంది కానీ నత్తనడక నడుస్తుంది

ఎన్విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. ముందు డ్రైవర్ మేనేజర్‌లో ఏది టిక్ అయి ఉందో చూడండి. నూవో (లైనక్స్‌తో పాటే వచ్చే ఉచిత డ్రైవర్) అని ఉంటే అది స్క్రీన్ మీద బొమ్మ రావడానికి సరిపోతుంది, ఆటలకు చాలదు. రికమెండెడ్ అని ఉన్న ఎన్విడియా డ్రైవర్ ఎంచుకోండి.

ఇక్కడే ఒక మెలిక ఉంది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని ప్రోగ్రామ్‌లు బూట్‌లో లోడ్ కాకుండా ఆపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ చేయగానే నీలం రంగు తెర వస్తుంది. ఏదో ఒక కీ నొక్కమంటూ పది సెకన్లు లెక్కపెట్టి, నొక్కకపోతే తన దారిన తాను వెళ్లిపోతుంది. చూడనివాళ్లు జారవిడుచుకుంటారు, చూసినవాళ్లు కూడా ఏదో ఎర్రర్ అనుకుని కంటిన్యూ బూట్ కొట్టేస్తారు. రెండు విధాలా డ్రైవర్ డిస్క్‌లో ఉంటుంది గానీ లోడ్ అవదు. ఆ తెర రాగానే కీ నొక్కి, ఎన్‌రోల్ మాక్, కంటిన్యూ, యెస్ అంటూ వెళ్లి ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టండి. అక్కడ అమెరికన్ కీబోర్డు అమరికే పనిచేస్తుంది కాబట్టి పాస్‌వర్డ్‌ని మామూలు అక్షరాలు, అంకెలతో పెట్టుకోవడం మంచిది.

డ్రైవర్ సరిగ్గా ఉన్నా ఫ్రేమ్‌లు (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) పెరగలేదంటే ఆట ఇంటెల్ గ్రాఫిక్స్ మీద నడుస్తోందని అనుమానించాలి. మెనూలో స్టీమ్ (ఆటలు కొని దించుకునే యాప్) మీద రైట్ క్లిక్ చేసి డెడికేటెడ్ జీపీయూతో, అంటే ఎన్విడియా కార్డుతో నడిపే ఆప్షన్ ఎంచుకోండి.

సమస్య: స్టీమ్‌లో ప్లే నొక్కితే కాసేపు తిరిగి మళ్లీ ప్లే బటనే వస్తుంది

మీ ఆటలు విండోస్ నాటి డీ డ్రైవ్‌లో ఉన్నాయా? అయితే కారణం చాలావరకు అదే. విండోస్ ఆటల్ని లైనక్స్‌లో నడిపేది ప్రోటాన్. 2018లో స్టీమ్ కంపెనీ వాల్వ్ తెచ్చిన ఈ సాధనం ప్రతి ఆటకూ ఒక చిన్న ఉత్తుత్తి సీ డ్రైవ్ తయారుచేస్తుంది. అందులో పేరులో కోలన్ గుర్తు ఉన్న ఫైళ్లుంటాయి. అలాంటి పేర్లు విండోస్‌కి చెల్లవు, అందుకే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ వాడే ఫార్మాట్) డిస్క్ మీద తేడా కొడుతుంది. పైగా మింట్ పక్కనే విండోస్‌ని కూడా ఉంచుకుని, అందులో ఫాస్ట్ స్టార్టప్ (త్వరగా తెరుచుకోవడానికి పూర్తిగా షట్‌డౌన్ కాకుండా ఆగే పద్ధతి) ఆన్‌లో ఉంటే ఆ డ్రైవ్ చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది.

ఆటని ఈఎక్స్‌టీ4 (లైనక్స్ వాడే ఫార్మాట్) డిస్క్‌లోకి మార్చండి. మొబైల్ డేటా మీద 60 జీబీ మళ్లీ దించుకోనక్కర్లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. తర్వాత మింట్‌లో స్టీమ్ సెట్టింగ్స్, స్టోరేజ్‌లోకి వెళ్లి పాత డ్రైవ్‌నీ కొత్త డ్రైవ్‌నీ జతచేసి, ఆటని టిక్ పెట్టి మూవ్ నొక్కండి. పాత డ్రైవే కనబడకపోతే మీరు వేసింది ఫ్లాట్‌ప్యాక్ (మిగతా సిస్టమ్ నుంచి వేరుగా ఉంచే ప్యాకేజీ) స్టీమ్ అయి ఉండొచ్చు. దానికి బయటి డ్రైవ్‌లు చూసే అనుమతి ఉండదు. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లోనే ఉండే మామూలు సిస్టమ్ ప్యాకేజీ వేసుకోండి.

డ్రైవ్ మార్చినా అదే తంతు, కార్డు జీటీ 740ఎం లాంటి పాతదా? కొత్త ప్రోటాన్‌కి వల్కన్ 1.3 (ఆటలు గ్రాఫిక్స్ కార్డుని వాడుకునే పద్ధతి) కావాలి, ఆ తరం కార్డులకి అది లేదు. ఆట ప్రాపర్టీస్, కంపాటిబిలిటీలో ప్రోటాన్ 7.0 ఎంచుకుని చూడండి.

సమస్య: వాలరెంట్ ఆట రావడం లేదు

రాదు. దాని యాంటీ-చీట్ (మోసం పట్టే ప్రోగ్రామ్) విండోస్ కెర్నెల్‌లో, అంటే దాని లోపలి గుండెలో కూర్చుని పనిచేస్తుంది, లైనక్స్‌ని ఒప్పుకోదు. ఫోర్ట్‌నైట్‌దీ ఇదే కథ. ఏ యూట్యూబ్ వీడియో ఏం చెప్పినా మీ సమయం వృథా చేసుకోకండి. కౌంటర్ స్ట్రైక్ 2, డోటా 2 మాత్రం లైనక్స్‌కే విడిగా తయారై ఉన్నాయి. మీరు రోజూ ఆడే ఆట పేరుని మారకముందే ప్రోటాన్‌డీబీలో (ఏ ఆట లైనక్స్‌లో ఎలా నడుస్తుందో వాడినవాళ్లు రాసే వెబ్‌సైట్) వెతికి చూసుకోండి.

సమస్య: అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయింది, ఇప్పుడు ఏదీ ఇన్‌స్టాల్ అవదు

తుఫాను రోజుల్లో మన జిల్లాల్లో ఇది మామూలే. డెస్క్‌టాప్ అయితే మరీను. చాలావరకు ప్యాకేజీలు సగం అమరి ఆగిపోయి ఉంటాయి, అంతే. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండో) వచ్చే ఎర్రర్ సందేశం చివరిదాకా చదవండి, ఏ కమాండ్ ఇవ్వాలో అందులోనే రాసి ఉంటుంది. దాన్నే కాపీ చేసి నడిపితే ఆగిన పని పూర్తవుతుంది. మింట్‌లోని టైమ్‌షిఫ్ట్‌లో వారానికో స్నాప్‌షాట్ (సిస్టమ్‌ని వెనక్కి తెచ్చుకునే నకలు) పెట్టుకుంటే ఇంకా నిశ్చింత.

సమస్య: విండోస్‌లోకి వెళ్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి ఉంటుంది

మదర్‌బోర్డు గడియారాన్ని లైనక్స్ గ్రీన్విచ్ కాలంలో పెడుతుంది, విండోస్ దాన్ని మన టైమే అనుకుంటుంది. విండోస్‌లో టైమ్ సింక్ నొక్కితే అప్పటికి సర్దుకుంటుంది.

సమస్య: తెలుగు టైపింగ్

ఐబస్ (వేరే భాషల్లో టైపు చేయించే ప్రోగ్రామ్)తో పాటు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ రెండూ వస్తాయి. అను ఫాంట్లలో చేసిన పాత ఫైళ్లు మాత్రం పిచ్చి ఇంగ్లిష్ అక్షరాల్లా కనిపిస్తాయి, ఎందుకంటే అవి యూనికోడ్ కావు. కావలసినవి ముందే కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చుకోండి. రోజూ పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ షాపు మీదైతే ఆ ఒక్క సిస్టమ్‌ని విండోస్‌లోనే ఉంచి, నెట్‌కి కలపకుండా వాడుకోండి.